పద్దెనిమిదేళ్ల కెవిన్ బ్యారీని ఎందుకు ఉరి తీశారు?

ఐర్లాండ్ స్వాతంత్ర్య పోరాటంలో 1920లో బ్రిటిష్ ప్రభుత్వం ఉరి తీసిన డబ్లిన్ వైద్యవిద్యార్థి కెవిన్ బ్యారీ గురించి మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. కెవిన్ బ్యారీ నిజంగా ఎవరినైనా చంపాడా, చంపినట్టు రుజువు లేకపోతే ఆ వయసు కుర్రవాణ్ణి ఎందుకు ఉరి తీశారు అన్నది మొదటిది. పట్టుబడ్డాక అతన్ని చిత్రహింసలు పెట్టారన్న మాటలో నిజమెంత అన్నది రెండోది. ఈ కథకూ మన దేశానికీ ఏమైనా సంబంధం ఉందా అన్నది మూడోది. నేను డబ్లిన్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. ఈ ఘటన జరిగిన వీధుల్లోనే రోజూ తిరుగుతాను కాబట్టి, చదివిన దానికి కళ్లతో చూసినదాన్ని కూడా జోడించి, కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు సూటి సమాధానం ఇది. ముగ్గురు బ్రిటిష్ సైనికుల ప్రాణాలు తీసిన దాడిలో కెవిన్ పాల్గొన్నాడు, ఆ సంగతిని అతడు ఎన్నడూ కాదనలేదు. అయితే ఆ ముగ్గురిలో ఎవరైనా అతని తూటాకే చనిపోయినట్టు కోర్టులో రుజువు కాలేదు, రుజువు చేయవలసిన అవసరం ఉందని ప్రభుత్వం అనుకోనూ లేదు. అసలు తగాదా అతడు సైనికుడా, హంతకుడా అన్నదాని మీద నడిచింది. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా కథంతా సులువుగా అర్థమవుతుంది.

కెవిన్ 1902 జనవరి 20న డబ్లిన్ నడిబొడ్డున ఫ్లీట్ స్ట్రీట్‌లో పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి థామస్‌కు కార్లో కౌంటీలో హ్యాకెట్స్‌టౌన్ దగ్గర టోంబే అనే ఊళ్లో పొలమూ, పాడీ ఉండేవి, నగరంలో పాల వ్యాపారం ఉండేది. 1908లో తండ్రి గుండెజబ్బుతో చనిపోయేనాటికి కెవిన్‌కు ఆరేళ్లు. తల్లి మేరీ పిల్లలతో టోంబే వెళ్లడంతో అతని బాల్యం కొంత పల్లెలోనూ కొంత నగరంలోనూ గడిచింది. రాత్‌విల్లీ బడిలో చదివి, తర్వాత డబ్లిన్ వచ్చి, చివరికి జెస్యూట్ గురువులు నడిపే బెల్వెడియర్ కళాశాలలో చేరాడు. చదువులో చురుకైనవాడే కాక రగ్బీ, హర్లింగ్ ఆటల్లోనూ మంచి ఆటగాడు. 1919లో డబ్లిన్ నగరపాలక సంస్థ ప్రతిభ చూసి ఇచ్చిన ఉపకార వేతనంతో యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో వైద్యవిద్యకు చేరాడు. తండ్రి లేని కుటుంబం ఆ సీటు మీద ఎన్ని ఆశలు పెట్టుకుని ఉంటుందో మన ఇళ్లలో వేరే చెప్పనక్కరలేదు.

వైద్యవిద్యకు రెండేళ్ల ముందే, 1917 అక్టోబరులో, పదిహేనేళ్ల వయసులో అతడు బ్రిటిష్ పాలన మీద పోరాడే సాయుధ దళమైన ఐరిష్ వలంటీర్లలో చేరాడు. బ్రిటిష్ పాలన మీద జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటు అణచివేతను డబ్లిన్‌లో చదువుకుంటూ దగ్గరి నుంచి చూసిన తరం అతనిది. ఆ తిరుగుబాటు నాయకులను వరసగా కాల్చి చంపడం అప్పటిదాకా ఏ పక్షమూ పట్టని కుటుంబాలను కూడా కదిలించింది. ఈ కుర్రవాడు పగలు తరగతులకు, సాయంత్రాలు కవాతుకు వెళ్లేవాడు.

1920 జూన్ 1న జరిగినదాన్ని చాలామంది వదిలేస్తారు కానీ, నా దృష్టిలో సెప్టెంబరులో ముగ్గురు సైనికులు చనిపోయిన ఆ దాడికి అదే తాళంచెవి. ఆ రోజు పట్టపగలు వలంటీర్లు కింగ్స్ ఇన్స్ అనే న్యాయవిద్యా సంస్థ భవనంలో కాపలా ఉన్న బ్రిటిష్ సైనికుల మీద పడి, కొద్ది నిమిషాల్లో వాళ్ల ఆయుధాలన్నీ ఎత్తుకుపోయారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ బృందంలో కెవిన్ ఉన్నాడు. వలంటీర్లకు ఆ రోజుల్లో అన్నిటికన్నా పెద్ద కొరత తుపాకులే, వాటిని శత్రువు చేతిలోంచే లాక్కోవాలి, వీలైతే రక్తం చిందకుండా లాక్కోవాలి. జూన్‌లో ఆ పని అంత తేలిగ్గా అయింది కనుకే సెప్టెంబరులోనూ అలాగే అవుతుందని వాళ్లు నమ్మారు.

నార్త్ కింగ్ స్ట్రీట్, చర్చ్ స్ట్రీట్ కలిసే మూల దగ్గర మాంక్స్ బేకరీ ఉండేది. సైన్యం లారీ ఒకటి శిబిరానికి రొట్టెలు తీసుకుపోవడానికి అక్కడికి వస్తుండేది. కింగ్స్ ఇన్స్ నుంచి ఆ మూలకు నడిచి వెళ్తే పట్టుమని పది నిమిషాలు కూడా పట్టదు. 1920 సెప్టెంబరు 20 ఉదయం కెవిన్ చర్చిలో ప్రార్థనకు వెళ్లి, అక్కడి నుంచి బోల్టన్ స్ట్రీట్‌లో తన బృందాన్ని కలుసుకున్నాడు. పని పదకొండు గంటలకు. మధ్యాహ్నం రెండింటికి అతనికి వైద్యకళాశాలలో పరీక్ష ఉంది, ఆలోగా తిరిగి వెళ్లిపోవచ్చన్నది లెక్క. ఎన్నిసార్లు చదివినా నా మనసు ఈ పరీక్ష దగ్గరే ఆగిపోతుంది. చావడానికి బయలుదేరినవాడు మధ్యాహ్నం పరీక్ష రాయాలని అనుకోడు.

లారీ ఆలస్యంగా వచ్చింది. వలంటీర్లు చుట్టుముట్టి, ఆయుధాలు కింద పెట్టమన్నారు. కెవిన్ లారీ వెనుక వైపు నిలబడ్డాడు. అక్కడి సైనికులు చెప్పినట్టే తుపాకులు దించారు. అంతలో ఎక్కడి నుంచో ఒక తూటా పేలింది. దాన్ని లారీ ముందు వైపున్న సైనికుడొకడు పేల్చి ఉంటాడని కొందరు చరిత్రకారుల ఊహ. ఆ తర్వాత రెండు వైపులా కాల్పులు మొదలయ్యాయి. కెవిన్ చేతిలోని మౌజర్ పిస్తోలు రెండుసార్లు మొరాయించింది. దాన్ని సరిచేసుకోవడానికి అతడు లారీ కిందికి దూరాడు. తోటివాళ్లు తప్పించుకుపోయారు, అతడు మాత్రం చక్రాల మధ్య ఉండిపోయాడు. లారీ కదలబోతుంటే, కింద మనిషి ఉన్నాడు నలిగిపోతాడేమోనన్న భయంతో వీధిలో ఎవరో కేక వేయడం వల్లే సైనికులు అతన్ని చూశారని ఒక కథనం ఉంది. కాపాడాలని వేసిన కేకే పట్టించింది అంటారు.

సైనికులలో హెరాల్డ్ వాషింగ్టన్ అక్కడికక్కడే చనిపోయాడు. మార్షల్ వైట్‌హెడ్, థామస్ హంఫ్రీస్ గాయాలతో తర్వాత కన్నుమూశారు. వాషింగ్టన్ వయసు 15 ఏళ్లే అని చెబుతారు. ఐర్లాండ్‌లో బ్రిటిష్ దళాల అధిపతి జనరల్ మాక్రీడీ కూడా చనిపోయినవాళ్ల చిన్న వయసును ఎత్తిచూపాడు. రికార్డుల ప్రకారం ఆ ముగ్గురిలో ఇద్దరికి 19, ఒకరికి 20 అని, నిజానికి ఇంకా చిన్నవాళ్లే అయి ఉంటారని అతని వాదన. ఆ వాదన వెనుక రాజకీయం ఉన్నా, మాట మాత్రం నిజం. కెవిన్‌ను గౌరవించేవాళ్లు ఈ ముగ్గురి పేర్లు దాచాల్సిన పని లేదు. రొట్టెల కోసం వచ్చి తిరిగి వెళ్లని పిల్లలు వాళ్లు, వాళ్లకీ తల్లులు ఉన్నారు. వాషింగ్టన్ శవం ఉన్న లారీలోనే కెవిన్‌ను ఎక్కించి, సైన్యం శిబిరంగా వాడుతున్న నార్త్ డబ్లిన్ యూనియన్ భవనానికి తీసుకువెళ్లారు.

మీ రెండో ప్రశ్న ఇక్కడే వస్తుంది. ఆ భవనంలో జరిగిందని కెవిన్ ప్రమాణపూర్వకంగా చెప్పినది ఇది. తోటివాళ్ల పేర్లు చెప్పమని అడిగారు, చెప్పనన్నాడు. ఒక సార్జెంట్‌ చేత బయొనెట్ తెప్పించి పొడుస్తామని బెదిరించారు. తర్వాత నేల మీద బోర్లా పడేసి, వీపు మీద మోకాళ్లతో నొక్కి, చేతిని వెనక్కి మెలిపెట్టారు. అయినా పేరు చెప్పలేదు. అక్టోబరు 28న ఈ వాంగ్మూలం రాయించడానికి ఏర్పాటు చేసినవాడు వలంటీర్ల డబ్లిన్ దళం (బ్రిగేడ్) అధిపతి డిక్ మెకీ. ప్రపంచానికి తెలియాలన్న ఉద్దేశంతోనే దాన్ని రాయించారు కాబట్టి అది ప్రచారం కోసమే పుట్టిందని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. నా అభిప్రాయం వేరు. ప్రచారం కోసం అల్లిన కథ అయితే అందులో ఇంతకన్నా ఘోరాలు ఉండేవి. చేయి మెలిపెట్టడం, వీపు తొక్కడం, బయొనెట్ చూపి బెదిరించడం అన్నవి చాలా కొలిచి చెప్పినట్టుగా ఉన్నాయి. తర్వాతి కాలంలో జనం పాడుకున్న పాటలో ఈ హింస బాగా పెద్దదైంది. అందువల్ల పాటను పక్కన పెట్టి, వాంగ్మూలాన్ని అది చెప్పినంత మేరకు నమ్మడం సబబని నాకు అనిపిస్తుంది.

ఇక విచారణ. ఆ ఏడాది ఆగస్టు 9న బ్రిటిష్ ప్రభుత్వం ఐర్లాండ్‌లో శాంతిభద్రతల పునరుద్ధరణ చట్టం తెచ్చింది. సాధారణ కోర్టుల్లో జూరీలు కూర్చోవడానికే జనం ముందుకు రాని పరిస్థితి ఉండడంతో, నేరాల విచారణను సైనిక న్యాయస్థానాలకు అప్పగించడం ఆ చట్టం సారాంశం. దాని కింద మరణశిక్ష పడి, ప్రాణం పోయిన మొదటి మనిషి కెవిన్. అక్టోబరు 20న మార్ల్‌బరో బ్యారక్స్‌లో బ్రిగేడియర్ జనరల్ ఆన్‌స్లో అధ్యక్షతన తొమ్మిదిమంది సైనికాధికారులు కూర్చున్నారు. బ్రిటన్ ఒప్పుకోని స్వతంత్ర ఐరిష్ రిపబ్లిక్ సైనికుడిగా ఈ కోర్టును గుర్తించనని కెవిన్ చెప్పాడు. న్యాయవాది కూడా, తన కక్షిదారు కోరిక ప్రకారం, ఈ విచారణలో పాల్గొనడం లేదని చెప్పి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కెవిన్ సాక్షులను ప్రశ్నించలేదు, తన తరఫున సాక్ష్యం ఇవ్వలేదు.

అతని మీద మోపినది ప్రధానంగా వైట్‌హెడ్ హత్యానేరం. వైట్‌హెడ్ శరీరంలో దొరికిన తూటా .45 కాలిబర్‌ది, కెవిన్ దగ్గర దొరికిన పిస్తోలు .38 కాలిబర్‌ది. మామూలు కేసులో న్యాయవాది దీని చుట్టూ గంటలు గంటలు వాదించేవాడు. కానీ దాడి చేసిన బృందంలో నిందితుడు ఉన్నాడని రుజువైతే చాలు, ఆ బృందంలో ప్రతి ఒక్కరూ హత్యకు బాధ్యులే అన్నది ప్రభుత్వ పక్షం వాదన. కెవిన్ ఆ తూటా సంగతి ఎత్తి ఉంటే కోర్టును గుర్తించినట్టయ్యేది. తన ప్రాణం నిలబెట్టే అవకాశమున్న ఒకే ఒక్క వాదనను అతడు తెలిసి వదులుకున్నాడు. ఆ రాత్రి జైలు గదికి వచ్చిన ఒక అధికారి తీర్పు చదివి వినిపించాడు. మరణశిక్ష, ఉరి.

ఇందులో ఉన్న వైరుధ్యం చూడండి. అతన్ని విచారించింది సైనిక న్యాయస్థానం, న్యాయమూర్తులు సైనికాధికారులు, అతన్ని పట్టుకున్నదీ కాపలా కాసిందీ సైన్యమే. శిక్ష దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది మామూలు హంతకుడికి వేసే ఉరి. సైనిక కోర్టు శిక్ష వేసింది కాబట్టి తనను సైనికుడిలా తుపాకులతో కాల్చి చంపుతారని కెవిన్ ఆశించాడని అతని జీవితచరిత్ర రాసినవారు చెబుతారు. సైనికుడిలా నేలకొరగనివ్వరట గానీ పెద్దమనిషిలా ఉరి తీస్తారట అని అక్క కేథీతో నవ్వుతూ అన్నాడు. ఇద్దరూ కలిసి చివరిసారి చూసిన బెర్నార్డ్ షా నాటకాన్ని గుర్తుచేస్తూ అన్న మాట అది. పదేళ్ల తర్వాత మన భగత్ సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లు కూడా తాము యుద్ధఖైదీలమనీ, ఉరి తీయకుండా కాల్చి చంపాలనీ పంజాబ్ గవర్నర్‌కు రాశారు. ఆ కోరిక కూడా తీరలేదు.

శిక్ష సంగతి బయటికి పొక్కాక డబ్లిన్ అట్టుడికిపోయింది. అక్టోబరు 25న కార్క్ నగర మేయర్ టెరెన్స్ మాక్‌స్వీనీ లండన్‌లోని బ్రిక్స్‌టన్ జైల్లో 74 రోజుల నిరాహార దీక్ష చేసి చనిపోయాడు. ఆ దుఃఖం ఆరకముందే ఈ వార్త. డబ్లిన్ మేయర్ లారెన్స్ ఓ'నీల్, ఆర్చ్‌బిషప్ వాల్ష్ లాంటి పెద్దలు వయసు చూసి శిక్ష తగ్గించమని అధికారులను వేడుకున్నారు. వలంటీర్ల గూఢచారి విభాగాన్ని నడిపిన మైకేల్ కాలిన్స్ మనుషులు జైలు నుంచి తప్పించే పథకాలు వేశారు గానీ ఏదీ పారలేదు. లండన్ ప్రభుత్వం మెత్తబడలేదు. ముగ్గురు సైనికులు చనిపోయాక పట్టుబడిన ఒక్కణ్ణి వదిలేస్తే సైన్యం ఏమనుకుంటుందన్నది వాళ్ల దిగులు. రాజకీయంగా అది ఎంత ఖరీదైన పొరపాటో తర్వాతి నెలలు చూపించాయి. అతని తోటి విద్యార్థులలో ఎంతోమంది ఆ తర్వాతే వలంటీర్లలో చేరారు.

అక్టోబరు 31న తల్లి, అన్న, అక్కచెల్లెళ్లు చివరిసారి చూడడానికి వెళ్లారు. గది నిండా కాపలావాళ్లే. తిరిగి వస్తుంటే జైలు మతగురువు కానన్ వాటర్స్ ఎదురుపడి, ఈ కుర్రవాడికి రేపు పొద్దున చనిపోతానన్న స్పృహ ఉన్నట్టు లేదు, ఎప్పుడూ ఉల్లాసంగా ఉంటున్నాడు, నిజంగా తెలిస్తే తట్టుకోలేడు అన్నాడు. మేరీ బ్యారీ ఆగి, మీరు రిపబ్లికన్ (ఐరిష్ రిపబ్లిక్‌ను కోరేవారు) కారని నాకు తెలుసు, కానీ నా కొడుకు రిపబ్లిక్ కోసం చనిపోవడాన్ని గర్వంగా భావిస్తున్నాడన్నది మీకు అర్థం కావడం అంత అసాధ్యమా అని అడిగింది. ఆయన తడబడిపోయాడు. కొడుకు చావుకు ముందు అతని పక్కన ఉండబోయే ఆఖరి మనిషి తమకు ఇంత పరాయివాడిలా ఉన్నాడే అని ఆ కుటుంబం బాధపడింది. అదే వాటర్స్ ఉరి తర్వాత ఆ తల్లికి ఉత్తరం రాస్తూ, తాను చూసిన అత్యంత ధైర్యవంతులూ ఉత్తములూ అయిన పిల్లల్లో ఒకడికి మీరు తల్లి అని రాశాడు. ఒక్క రాత్రి పక్కన కూర్చున్నందుకు ఆయనలో వచ్చిన మార్పు అది.

నవంబరు 1, సకల పరిశుద్ధుల పండుగ రోజు. మౌంట్‌జాయ్ జైలు బయట వేలాదిమంది మోకరిల్లి జపమాల ప్రార్థన చేస్తుండగా, ఉదయం 8 గంటలకు, ఇంగ్లండ్ నుంచి రప్పించిన తలారి జాన్ ఎలిస్ చేతుల మీదుగా ఉరి అమలైంది. కెవిన్‌కు 18 ఏళ్ల 9 నెలలు. శవాన్ని ఇంటివాళ్లకు ఇవ్వలేదు. మధ్యాహ్నం జైలు ఆవరణలోనే, ఆడఖైదీల విభాగం దగ్గర పూడ్చారు. తర్వాత ఏడు నెలల్లో మరో తొమ్మిదిమందిని అదే జైల్లో ఉరి తీశారు. వాళ్లలో 19 ఏళ్ల ఫ్రాంక్ ఫ్లడ్ కూడా యూనివర్సిటీ కాలేజ్ విద్యార్థే, కెవిన్‌కు స్నేహితుడు. అతన్ని కెవిన్ పక్కనే పూడ్చారు. వాంగ్మూలం రాయించిన డిక్ మెకీ మాత్రం కెవిన్ చనిపోయిన మూడు వారాలకే, నవంబరు 21 రాత్రి, డబ్లిన్ కోటలో నిర్బంధంలో ఉండగా ప్రాణాలు కోల్పోయాడు. కెవిన్‌కు మరణశిక్ష వేసిన మార్ల్‌బరో బ్యారక్స్‌కు ఇప్పుడు ఆ మెకీ పేరే ఉంది.

మౌంట్‌జాయ్‌లో పూడ్చిన ఈ పదిమంది అస్థికలను బయటికి తీసి, 2001 అక్టోబరు 14న ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపారు. తొమ్మిదిమందిని గ్లాస్‌నెవిన్ శ్మశానంలో సమాధి చేశారు, పదోవాడైన ప్యాట్రిక్ మహర్‌ను అతని కుటుంబం కోరిక మీద లిమెరిక్ కౌంటీలోని సొంత ప్రాంతానికి తీసుకుపోయారు. జైలు నుంచి గ్లాస్‌నెవిన్‌కు నేను చాలాసార్లు నడిచి వెళ్లాను, అరగంట దూరం లేదు.

మూడో ప్రశ్నకు రెండు సంగతులు చెబుతాను. మొదటిది మన తెలుగువాళ్లకు సంబంధించినది. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి 1913 నుంచి 1916 దాకా డబ్లిన్‌లో న్యాయవిద్య చదివారు. ఆయన చదివినవి యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్, కింగ్స్ ఇన్స్. అంటే కెవిన్ వైద్యం చదివిన విశ్వవిద్యాలయమూ, ఆయుధాలు ఎత్తుకొచ్చిన భవనమూ ఆయన నడిచిన చోట్లే. ఐరిష్ ఉద్యమంతో సంబంధాలున్నాయన్న అనుమానం మీద 1916 తిరుగుబాటు తర్వాత గిరి దేశం విడిచి రావలసి వచ్చింది. కెవిన్ అప్పటికి బడిపిల్లవాడు కనుక వాళ్ల దారులు కలిసే వీలు లేదు.

రెండోది మరింత దగ్గరిది. 1920 జూన్ చివర జలంధర్‌లో ఉన్న కనాట్ రేంజర్స్ అనే ఐరిష్ దళంలోని సైనికులు, తమ దేశంలో బ్రిటిష్ సైన్యం చేస్తున్న అఘాయిత్యాల వార్తలు విని, ఆయుధాలు దించి, ఇక పనిచేసేది లేదన్నారు. ఆ నిరసన సిమ్లా కొండల దిగువన ఉన్న సోలన్ శిబిరానికి పాకింది. అక్కడ దాన్ని నడిపినవాడు జేమ్స్ డేలీ అనే ఇరవై ఏళ్ల సిపాయి. ఆయుధాగారం మీదికి వెళ్లినప్పుడు జరిగిన కాల్పుల్లో అతని తోటివాళ్లు సియర్స్, స్మిత్ చనిపోయారు. సైనిక న్యాయస్థానం పలువురికి మరణశిక్ష వేసినా, అమలు చేసింది డేలీకి ఒక్కడికే. అతన్ని సోలన్ దగ్గరి దగ్‌షాయ్ జైల్లో ఫైరింగ్ స్క్వాడ్ కాల్చి చంపింది. తేదీ 1920 నవంబరు 2, అంటే కెవిన్‌ను ఉరి తీసిన మర్నాడు.

డేలీ బ్రిటిష్ రాజు జీతం తీసుకుని ఎదురు తిరిగినవాడు కనుక వాళ్ల లెక్కలో సైనికుడు, అతనికి తుపాకీ గుండు ఇచ్చారు. కెవిన్ తనను తాను సైనికుడినన్నాడు గానీ అతని రాజ్యాన్ని వాళ్లు ఒప్పుకోలేదు కనుక తాడు ఇచ్చారు. డేలీ అస్థికలను 1970లో హిమాచల్ నుంచి ఐర్లాండ్ తీసుకువచ్చి వెస్ట్‌మీత్ కౌంటీలోని టిరెల్స్‌పాస్‌లో పూడ్చారు. సియర్స్, స్మిత్‌లను మాత్రం గ్లాస్‌నెవిన్‌కు చేర్చారు. కాబట్టి మీరు ఎప్పుడైనా డబ్లిన్ వచ్చి కెవిన్ సమాధి చూడబోతే, సోలన్ మట్టిలో యాభై ఏళ్లు ఉండి వచ్చిన ఆ ఇద్దరి సమాధులు కూడా అదే శ్మశానంలో ఉన్నాయి, అడిగి చూడండి.